రోడ్డు వెడల్పయింది, అంచు పోయింది: విజయనగరంలో బస్సు, నడక, సైకిలు దారుల పూర్వాపరాలు

విజయనగరంలో కాలిబాట అంటే చాలాచోట్ల మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు పలకల వరుసే. పూడిక తీయవలసి వచ్చినప్పుడల్లా పారిశుద్ధ్య కార్మికులు ఆ పలకలను గడ్డపారతో లేపుతారు. తిరిగి వేసేసరికి ఒక పలక రెండంగుళాలు పైకి లేచి, దాని పక్కది ఓ మూలకు ఒరిగి ఉంటుంది. విరిగిపోయిన పలక ఉన్నచోట ఖాళీయే మిగులుతుంది. ఆ ఖాళీని తప్పుకోవడానికి నడిచే మనిషి రోడ్డు మీదికి దిగుతాడు. దిగినచోట ఆటో ఆగి ఉంటుంది. ఆటోను తప్పుకోబోయి ఇంకో అడుగు లోపలికి వేస్తే వెనక నుంచి బస్సు హారన్ మోగుతుంది. పట్టణం నలువైపులా పెరుగుతున్నకొద్దీ, బస్సు ఎక్కేవారికి, నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి అనువుగా రోడ్లను బాగుచేయాలన్న మాట తరచు వినబడుతోంది. ఆ మాటలో ఎంత పని ఇమిడి ఉందో తెలియాలంటే, ఈ ముగ్గురూ రోడ్డు మీద తమకున్న చోటును ఏయే దశల్లో పోగొట్టుకున్నారో ముందు చూడాలి.

ఊరి మొదటి వీధులకు ఈ సమస్య లేదు. 1713లో కోటకు పునాది పడిన తరువాత దాని చుట్టూ, పెద్ద చెరువు ఒడ్డునా పెరిగిన పేటలు కాలినడకకూ ఎడ్ల బండికీ సరిపడేలా ఏర్పడ్డాయి. అప్పట్లో వీధికి నడిమి, అంచు అన్న తేడా లేదు. గుమ్మం దిగితే వీధి, వీధి దాటితే ఎదుటి గుమ్మం. ఆ పాత అమరిక ఎలా ఉండేదో ఇప్పటికీ ఏడాదికొకసారి కళ్లకు కడుతుంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడు లాంతర్ల కూడలి దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుమార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 తరువాతి కాలం నుంచి వస్తున్న ఈ ఉత్సవంలో వాహనాలన్నీ ఆగిపోతాయి, మెయిన్ రోడ్డు పొడవునా మనుషులే ఉంటారు. మరుసటి రోజు ఉదయానికి అదే రోడ్డును దాటడానికి ఒక ముసలామె చేయి చాచి నిలబడవలసి వస్తుంది. ఉత్సవాన్ని రోడ్ల ప్రణాళికకు కొలమానంగా తీసుకోమని కాదు గానీ, ఈ వీధులు తొలుత ఎవరి కోసం పుట్టాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తోచలేదు.

1888లో ఏర్పడిన మున్సిపాలిటీ వీధులకు దీపాలు, కాలువలు, మెటల్ (కంకర) రోడ్డు అనే మూడు పనులను నెత్తికెత్తుకుంది. కాలువ వీధికి పక్కగా వచ్చింది. అంచు అన్నది ఒక ప్రత్యేకమైన జాగాగా ఏర్పడింది అప్పుడే. అయితే ఆ అంచు నీళ్ల కోసం పుట్టింది, మనుషుల కోసం కాదు. తరువాతి నూట ముప్పై ఏళ్ల కథకు మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఆ పాత దీపాల కాలానికి గుర్తుగా మిగిలిన మూడు లాంతర్ల స్తంభాన్ని కూడలి అభివృద్ధి పేరుతో 2020 మే నెలలో తొలగించినప్పుడు ఊళ్లో పెద్ద దుమారమే లేచింది. దానిని వారసత్వ వివాదంగానే అందరూ చర్చించారు. కూడలిని మెరుగుపరచడమంటే నడిమిని ఖాళీ చేయడమేనన్న ఆలోచన కూడా అందులో ఉందని తక్కువమంది గమనించారు.

రైలు వచ్చాక ఊరి దిక్కు మారింది. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ వేసిన తూర్పు తీరపు మార్గం పెద్ద చెరువుకు అవతలి పక్కగా సాగింది. అంతవరకు కోట చుట్టూ తిరిగిన వర్తకం స్టేషన్ వైపు సాగి, చెరువును చుట్టి పోయే దారులు ఊరికి కొత్త నరాలయ్యాయి. ఆ తరువాత పార్వతీపురం వైపు శాఖ పడింది, అది 1931 నాటికి రాయపూర్‌తో కలిసింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమవడంతో విజయనగరం ఒక ముఖ్యమైన జంక్షన్ అయింది. పట్టాలు ఊరిని రెండుగా కోశాయి. గేటు పడితే నిలబడి, గేటు ఎత్తితే ఒక్కసారిగా దూసుకుపోయే అలవాటు అందరికీ అబ్బింది. గేట్ల చోట వంతెనలు కట్టినప్పుడు లారీకి, బస్సుకు నిరీక్షణ తప్పింది, సైకిలుకు మాత్రం ఎత్తు పెరిగింది. పాల క్యాన్లు కట్టుకుని వచ్చేవారు ఎత్తు బ్రిడ్జి మొదట్లోనే దిగి సైకిలును తోసుకుంటూ పోతుంటే, మలుపు తిరిగి వచ్చే వాహనం వారికి జానెడు దూరంలో పోతుంది. వంతెన గీసినవారి లెక్కలో ఇంజను ఉంది, పిక్కల బలం లేదు.

బస్సుల సంగతి కొంత వేరు. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో ఈ ప్రాంతపు బస్సులన్నీ ప్రైవేటు యజమానులవే. రెండో ప్రపంచ యుద్ధకాలపు పెట్రోలు కరువులో రాష్ట్రమంతటా బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయని పెద్దలు చెప్పుకునేవారు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా శాఖ వారసత్వంతో 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కోస్తా జిల్లాల్లోని మార్గాలు క్రమంగా దాని చేతికి వచ్చాయి. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు విడదీసి విజయనగరం జిల్లాను ఏర్పాటు చేశాక కలెక్టరేట్, కోర్టులు, ఆసుపత్రి, కళాశాలల పనుల మీద రోజూ వచ్చిపోయేవారి తాకిడి ఊరి మీద పడింది. ఆ తాకిడిని మోసింది ప్రధానంగా ఆర్టీసీ కాంప్లెక్సే. విశాఖ నాన్‌స్టాప్ కోసం క్యూలో నిలబడని ఉద్యోగి, విద్యార్థి ఈ ఊళ్లో అరుదు.

కాంప్లెక్స్ లోపల బస్సుకు ప్లాట్‌ఫారం ఉంది, గేటు దాటిన తరువాత ఏమీ లేదు. ఊరి చివర ఏదైనా ఒక స్టాపు దగ్గర పావుగంట నిలబడితే సంగతి అర్థమవుతుంది. షెల్టరు ఉన్నచోట అది కాలువకు వెనకాల ఉంటుంది, దాని ముందు బండి మీద జామకాయలో మొక్కజొన్న పొత్తులో అమ్ముతుంటారు, బండికి ముందు సవారీ కోసం ఆటోలు నిలబడతాయి. కాబట్టి ప్రయాణికులు షెల్టరులో కాక ఆటోలకు ముందు, అంటే తారు మీదనే నిలబడతారు. పల్లెవెలుగు వస్తుంది, అంచుకు రావడానికి జాగా లేక నడిరోడ్డు మీదనే ఆగుతుంది. కూరల గంపతో ఒకామె మెట్టు మీద కాలు మోపి, గంపను ముందు లోపలికి అందించి, కమ్మీ పట్టుకుని తన బరువును పైకి లాక్కుంటుంది. మెట్టు నేలకు ఎంత ఎత్తున ఉంటే ఆమెకు అంత కష్టం, బస్సుకు అంత ఆలస్యం. ఈలోగా వెనక నుంచి వచ్చిన మోటారుసైకిలు బస్సుకూ ఆటోకూ మధ్య సందులోంచి, సరిగ్గా ఆమె ఎక్కుతున్న చోటు నుంచే దూరిపోతుంది.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. అంతవరకు షేర్ ఆటో ఎక్కినవారు, నడిచినవారు ఎందరో బస్సు వైపు మళ్లారు. బస్సు లోపలి రద్దీ గురించే అందరూ మాట్లాడారు గానీ ఆ రద్దీ మొదలయ్యేది స్టాపు దగ్గర, స్టాపుకు నడిచి వచ్చే దారిలో. టికెట్ ధర తగ్గించడం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది; స్టాపు దాకా నడిచే రెండు ఫర్లాంగుల దారి సంగతి అంత తేలిక కాదు.

రోడ్లు ఎందుకిలా తయారయ్యాయన్న ప్రశ్నకు జవాబు చాలామటుకు హైవేల చరిత్రలో దొరుకుతుంది. చెన్నై, కోల్‌కతాల మధ్య నడిచే జాతీయ రహదారి, పాత లెక్కలో 5, 2010 తరువాత 16, విజయనగరం ఊళ్లోకి రాకుండా నాతవలస మీదుగా పోతుంది. నాతవలస దగ్గర దాని నుంచి విడిపోయి విజయనగరం, గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిశాకు వెళ్లే రోడ్డు పాత లెక్కలో 43, ఇప్పుడు 26. కోరాపుట్, రాయపూర్ వైపు సరుకులు మోసే లారీలకూ, బడికి పోయే పిల్లలకూ ఒకే తారు గతి అయింది. ఒక రోడ్డు రెండు పనులు చేస్తున్నప్పుడు దాన్ని ఏ పనికి తగ్గట్టుగా బాగుచేయాలి? నిధులు హైవే పేరున వచ్చాయి కనుక హైవే కొలతలే చెల్లాయి. విస్తరణ వచ్చిన ప్రతిసారీ తారు రెండు వైపులా జరిగింది, జరిగినప్పుడల్లా మట్టి మార్జిన్ తగ్గింది. ఆ మట్టి మార్జిన్ మీదనే చెట్లు ఉండేవి, సైకిళ్లు పోయేవి, మనుషులు నడిచేవారు. దాన్ని కాలిబాట అని ఎవరూ రాసుకోలేదు కాబట్టి పోయినట్టు కూడా ఏ కాగితం మీదా లేదు.

సైకిలు తగ్గిన తీరు మరింత నిశ్శబ్దంగా జరిగింది. నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు మారే వేళకు చుట్టుపక్కల ఊళ్ల రోడ్ల మీద సైకిళ్ల బారులు చూసినవారు ఇంకా ఉన్నారు. 2011 జనగణనలో కూడా దేశం మొత్తం మీద 44.8 శాతం ఇళ్లలో సైకిలు ఉంటే, మోటారు ద్విచక్ర వాహనం ఉన్న ఇళ్లు 21 శాతమే. ఆ తరువాత అప్పు మీద బండి దొరకడం సులువయ్యాక తూకం మారుతూ వచ్చింది. బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు పంచింది. పంచిన సైకిలును తొక్కవలసిన రోడ్డు గురించి మాత్రం ఆ పథకంలో మాట లేదు. సైకిళ్లు తగ్గిపోయాయి కాబట్టి వాటికి దారి ఎందుకని అడిగేవారికి ఒక చిన్న మనవి: వంతెన లేని ఏట్లో ఈదేవారు తక్కువ కనిపిస్తే అక్కడ వంతెన అక్కర్లేదని ఎవరూ తేల్చరు.

కాగితం మీద విధానం మాత్రం ఎప్పుడో మారింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డును వాహనాలకు కాక మనుషులకు పంచాలని చెప్పింది. ఆ రోజుల్లోనే పక్కనున్న విశాఖలో కేంద్ర పట్టణాభివృద్ధి పథకమైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో పెందుర్తి, సింహాచలం కారిడార్లుగా బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక వరుసలుండే రోడ్ల పనులు మొదలయ్యాయి. భూసేకరణ చిక్కులతో ఏళ్ల తరబడి సాగిన ఆ అనుభవం చూసి, బస్సు కోసం ప్రత్యేకంగా రోడ్డు వేయడమంటేనే ఉత్తరాంధ్ర జంకింది. 2012లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సవరించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో అడ్డంకులేవీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. 1.8 మీటర్లంటే ఇద్దరు ఎదురెదురుగా వచ్చి, ఒకరి చేతిలో సంచి ఉన్నా, రాసుకోకుండా పోగలిగినంత. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, హోర్డింగు కాళ్లు తీసేయగా మిగలవలసిన వెడల్పు అది. 2015లో లక్షకు మించిన జనాభా గల పట్టణాల కోసం వచ్చిన అమృత్ పథకంలో కాలిబాటలు, సైకిలు దారులు కూడా ఒక పద్దుగా ఉన్నాయి గానీ డబ్బులో సింహభాగం తాగునీటికి, మురుగునీటికి పోయింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, నీళ్లు ముందే. కాలిబాటలకు అడ్డంగా నిలిచే తోపుడు బళ్లవారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం జీవనోపాధి రక్షణ ఇచ్చింది, కాబట్టి వారిని తరిమేసి కాలిబాట కట్టడం ఇప్పుడు చెల్లదు. వారికీ చోటు చూపాలి. అడ్డంకులు లేని కాలిబాట పౌరుల జీవన హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఈలోగా ఊరు ఆగలేదు. 2011లో సుమారు 2 లక్షల 28 వేల జనాభా ఉన్న పట్టణం తరువాత నగరపాలక సంస్థ అయింది. చింతలవలస దారిలో ఇంజినీరింగ్ కళాశాల, పోలీసు బెటాలియన్. ద్వారపూడిలో 2007లో కళాశాలగా మొదలై 2022లో విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూ గురజాడ. గాజులరేగలో 2023 సెప్టెంబరులో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల. అవతల భోగాపురంలో విమానాశ్రయం. ఇవన్నీ ఊరికి వేర్వేరు కొసల్లో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం విడిపోయి, రాజాం ప్రాంతం వచ్చి కలిశాక జిల్లా కేంద్రానికి వచ్చేవారి దిక్కులు కూడా మారాయి. లేఅవుట్లలో లోపలి రోడ్లు 40 అడుగులు ఉంటాయి; అవి వచ్చి కలిసే పాత పంచాయతీ రోడ్డు మీద రెండు బస్సులు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాలి.

ఇప్పుడు చేయదగిన పనుల మీద అభిప్రాయ భేదాలు ఉన్నాయి, అవి ఉండదగినవే. స్టాపు దగ్గర రోడ్డును లోపలికి తవ్వి బస్‌బే కట్టాలని కొందరంటారు. వెనకాల వాహనాలు ఆగకుండా పోతాయి కాబట్టి చూడడానికి అది బాగుంటుంది. అయితే బే కోసం కోసేది మళ్లీ ఆ అంచునే, పైగా అందులోకి దిగిన బస్సు తిరిగి వరుసలోకి రావడానికి ఎవరో ఒకరు దారి ఇచ్చేదాకా ఆగాలి, ఈలోగా బేలో ఆటోలు స్థిరపడతాయి. వేగం తక్కువగా ఉండే ఊరి రోడ్ల మీద కాలిబాటనే బస్సు దాకా ముందుకు తెచ్చి, బస్సు తన వరుసలోనే ఆగేలా చేస్తే ఎక్కడం దిగడం త్వరగా అవుతుంది, షెల్టరుకు జాగా దొరుకుతుంది. వెనక బళ్లు అర నిమిషం ఆగవలసి వస్తుంది. ఆ అర నిమిషాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్నదే అసలు తగవు. నా మటుకు నేను యాభై మంది ఉన్న బస్సు వైపే ఉంటాను.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. హైవే భాగమైతే రోడ్డు జాతీయ రహదారుల విభాగానిది, కొన్నిచోట్ల ఆర్ అండ్ బీది, లోపలివి నగరపాలక సంస్థవి. కాలువ, షెల్టరు నగరపాలక సంస్థవి. స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. బస్సు, దాని టైమింగు ఆర్టీసీవి. ఆటో ఎక్కడ ఆగాలో చూసేది ట్రాఫిక్ పోలీసులు. అంచు మీద ఇందరికి తలా ఒక ముక్క ఉంది. తారు వేయడానికి మాత్రం ఒక్కరే చాలు, అందుకే ముందు తారు పడుతుంది. ఆ తరువాత పైపు కోసం దాన్ని తవ్వుతారు, తవ్విన మట్టి కాలువ పలకల మీద పోస్తారు. ఒక స్టాపును మలుపు నుంచి పాతిక గజాలు అవతలికి జరపాలంటే ఈ అయిదుగురు ఒకే ఉదయం ఒకేచోట నిలబడి టేపు పట్టుకోవాలి.