ఆర్టీసీ కొత్త ఎండీని నియమించకముందే చట్టసభ పిలిచి ప్రశ్నిస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ సంస్థల అకౌంట్స్ విభాగాల్లో పనిచేసి రిటైరై అమలాపురంలో స్థిరపడ్డాను. సర్వీసులో సగం కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే సంస్థ) లేవనెత్తిన అభ్యంతరాలకు, శాసనసభ కమిటీ ప్రశ్నలకు జవాబులు తయారుచేయడంలోనే గడిచింది. మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి కొత్త ఎండీ వచ్చారని పేపర్లో పడ్డప్పుడల్లా ఊళ్లోవాళ్లు ఈ సందేహాలతో నా దగ్గరికి వస్తూంటారు.

అపోహ: అసెంబ్లీ కమిటీ సరేనంటేనే ఎండీకి కుర్చీ.

అలాంటిదేమీ లేదండి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం ఎండీని, ఛైర్మన్‌ని, బోర్డు సభ్యుల్ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. జీవో వస్తుంది, ఆయన ఛార్జి తీసుకుంటారు. రైల్వే బోర్డు ఛైర్మన్ నియామకమూ కేంద్ర క్యాబినెట్ నియామకాల కమిటీ చేతిలోనిదే, పార్లమెంటు ముందు హాజరవ్వాల్సిన పని లేదు.

అపోహ: ఫ్రాన్స్‌లో ఎంపీలు ఒప్పుకుంటేనే నియామకం.

సగం నిజం. 2008లో వాళ్లు రాజ్యాంగం సవరించుకున్నారు. జాతీయ రైల్వే సంస్థకు, ప్యారిస్ మెట్రో నడిపే ఆర్‌ఏటీపీకి అధిపతిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు. ఉభయసభల కమిటీలు ఆయన్ని పిలిచి ప్రశ్నలడిగి ఓటేస్తాయి. మాజీ ప్రధాని జాన్ కాస్టెక్స్ కూడా 2022లో ఆర్‌ఏటీపీకి వెళ్లేముందు ఇలా కూర్చుని జవాబులు చెప్పాల్సి వచ్చింది. అయితే నియామకం ఆగాలంటే రెండు కమిటీల్లో పోలైన ఓట్లు కలిపి కనీసం అయిదింట మూడొంతులు వ్యతిరేకంగా పడాలి. సగం మంది వద్దన్నా ఆయనే వస్తాడు. మరెందుకీ తతంగం అంటారా? నా లెక్కలో అసలు లాభం ఓటు కాదు, రికార్డు. సిబ్బంది కొరతకు ఏం చేస్తారో, బస్సులు ఎలా నడుపుతారో ఆయన నోటితోనే చెప్పించి రాసి పెట్టుకుంటారు. రెండేళ్ల తర్వాత ఆ కాగితం తీసి ముందు పెట్టొచ్చు. మనకు లేనిది అదీ.

అమెరికాలో ప్యాసింజర్ రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ డైరెక్టర్లకు సెనేట్ ఆమోదం కావాలి. సీఈఓని మాత్రం ఆ బోర్డే ఎంచుకుంటుంది.

అపోహ: మన దగ్గర తర్వాతైనా అడిగే నాథుడు లేడు.

ఉన్నాడు, ఆలస్యంగా వస్తాడు. ఆర్టీసీ లెక్కలు కాగ్ చూస్తుంది. ఆడిట్ రిపోర్టు, వార్షిక నివేదిక శాసనసభ ముందు పెట్టాలని చట్టమే చెబుతోంది. వాటిని శాసనసభలోని ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ పట్టుకుంటుంది. చెప్పుకోవాల్సింది దీని గురించే.

ఏ సంస్థలోనైనా జరిగే తీరు ఒకటే. ఒక బస్సు డిపో అనుకుందాం. ‘రద్దైన కిలోమీటర్లు (తిరగాల్సి ఉండీ బస్సులు తిరగని దూరం) ఎందుకు పెరిగాయి?’ అని ప్రశ్న వస్తుంది. గుమాస్తా రిజిస్టరు తీసి రోజువారీగా రాస్తాడు: ఈ తేదీన గోదావరి పోటెత్తి లంకల వైపు కాజ్‌వే మునిగింది, ఈ తేదీన కాలువ గట్టు కోసుకుపోయింది, ఈ తేదీన బస్సుకి స్పేర్ లేదు, ఈ తేదీన డ్రైవరు లేడు. డిపోలో రెండు పేజీలున్నది జిల్లా స్థాయికి ఒక పేరా అవుతుంది. హెడ్డాఫీసు దాటేసరికి ‘వరదల వల్ల’ అన్న ముక్క మిగులుతుంది. స్పేర్లూ డ్రైవర్లూ వరదలో కొట్టుకుపోతాయి. గట్టి ఎమ్మెల్యే ఒకడుంటే ఆ రెండు పేజీలూ తెప్పించండి అంటాడు. అక్కడ నిజం బయటపడుతుంది.

ఇంకో చిక్కు. కమిటీ అడిగే నాటికి ఆ నిర్ణయాలు తీసుకున్న ఎండీ ఎప్పుడో బదిలీ అయి ఉంటాడు. ‘అప్పటికి నేను లేనండి’ అని ఇప్పటాయన చెప్తే, అది అబద్ధమూ కాదు, జవాబూ కాదు. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టుంటుంది వ్యవహారం.

అపోహ: 2020లో ప్రభుత్వంలో కలిపేశాక కార్పొరేషనే లేదు, లెక్కలెక్కడివి?

2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులైంది సిబ్బంది. సంస్థ అలాగే ఉంది. బస్సులూ, ఆస్తులూ, అప్పులూ దానివే. ఉద్యోగులకు జీతాలెవరిస్తారన్నది మారింది గానీ సంస్థ లెక్క చెప్పాల్సిన బాధ్యత మారలేదు.

అపోహ: మన ఎంపీ పార్లమెంటులో అడిగితే ఎండీ దిగొస్తాడు.

అమలాపురం నుంచి గెలిచిన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరయ్యారు కాబట్టి మనకు ఢిల్లీ మీద నమ్మకం ఎక్కువ. కానీ ఆర్టీసీ రాష్ట్రానిది. పార్లమెంటు ప్రభుత్వ రంగ సంస్థల కమిటీలో 22 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. వాళ్లు చూసేది కేంద్ర సంస్థల్ని. ఎంపీని కోటిపల్లి - నరసాపురం రైల్వే లైను సంగతి అడగండి, అది ఆయన అడగగలిగింది.

అపోహ: కమిటీకి అర్జీ పెడితే మా ఊరికి బస్సు వేయిస్తారు.

రోజువారీ నిర్వహణ, ప్రభుత్వ పెద్ద విధానాలు పార్లమెంటు కమిటీ పరిధిలోకి రావు. మన శాసనసభలోనూ దాదాపు అదే పద్ధతి. పొద్దున్న ట్రిప్పు రాలేదంటే డిపో మేనేజరుకు చెప్పాలి. మహిళలకు ఉచిత ప్రయాణం ఉండాలా వద్దా అన్నది విధానం, ప్రభుత్వం తేల్చుకునేది. 2025 ఆగస్టు 15న ఆ ఉచిత ప్రయాణ పథకం ‘స్త్రీ శక్తి’ మొదలయ్యాక ఆ టిక్కెట్ల డబ్బు సంస్థకు సమయానికి జమ అవుతోందా, రద్దీకి తగ్గ పల్లెవెలుగులు రాజోలు, రామచంద్రపురం డిపోలకు ఇచ్చారా, కాలం తీరిన బస్సులు ఎన్ని తిప్పుతున్నారు, అద్దె బస్సులకు ఎంత చెల్లిస్తున్నారు - ఇవి కమిటీ అడగాల్సిన ప్రశ్నలు. మీ ఎమ్మెల్యే ఆ కమిటీలో ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. ఉంటే డిపో పేరు, రూటు, తేదీలు రాసిన కాగితం ఆయన చేతికివ్వండి. ‘బస్సులు సరిగా రావట్లేదు’ అని మాత్రం రాయకండి, దానికి జవాబు ఒక్క లైనులో ముగిసిపోతుంది.