పెల్లెట్ పొయ్యిలో రాయి ఎలా పుట్టింది?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు ప్రశ్న పంపారు. ఆవిడ ఇంటి దగ్గరే అరిసెలు, జంతికలు ఆర్డర్ మీద చేసిస్తారు. గ్యాస్ ఖర్చు పడలేక మేడ మీద వాడుకోవడానికి ఫ్యాన్ ఉన్న పెల్లెట్ పొయ్యి కొన్నారు. పెల్లెట్లంటే కలప పొట్టు, ఊక లాంటివాటిని ఒత్తి చేసిన చిన్న చిన్న కడ్డీలు. మొదటి బస్తా బ్రహ్మాండంగా మండింది. రెండో బస్తా విప్పినప్పటి నుంచీ మంట ఎర్రబడింది, పొగ వస్తోంది, మూకుడు అడుగంతా మసి. పొయ్యి చల్లారాక చూస్తే అడుగునున్న చిల్లుల పళ్లేనికి కరుచుకుని ఒక నల్లటి రాయి! ఫొటో కూడా పెట్టారు. అరచేతిలో పట్టేంత ముక్క, పైన గరుకు, విరిగిన చోట మాత్రం నిగనిగలాడే గాజు. "పెల్లెట్లలో రాళ్లు కలిపి అమ్ముతున్నారా? మా అత్తగారేమో దిష్టి అంటున్నారు."

అత్తగారు నిమ్మకాయ, మిరపకాయలు కడతానంటే కట్టనివ్వండి. ఫ్యాన్‌కి గాలి వెళ్లే దారికి అడ్డం రాకపోతే చాలు. రాళ్లు ఎవరూ కలపలేదు. ఆ రాయి మీ పొయ్యిలోనే తయారైంది. బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లు దాన్ని క్లింకర్ అంటారు.

పొగకి మామూలు కారణాలు వేరే ఉన్నాయి, అవి గబగబా చెప్పేస్తాను. పెల్లెట్లు పై వరస గాలి చిల్లుల కన్నా కిందే ఉండాలి, నిండుగా పోస్తే పొగే. బ్యాటరీ దిగిపోతే ఫ్యాన్ నీరసిస్తుంది, అప్పుడూ పొగే. పెల్లెట్లలో సాధారణంగా జిగురేమీ ఉండదు. కలపలోని లిగ్నిన్ వేడికీ ఒత్తిడికీ మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది, అంతే. తడి తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టయిపోతాయి. చెన్నై ఉక్కపోతలో ఉండేవాళ్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకోవాలి.

ఇక రాయి సంగతి. నాకు అసలు మజా ఇక్కడే.

బడిలో మంట గురించి చెప్పేటప్పుడు ఇంధనం, గాలి, వేడి అని మూడు మాటలు చెప్పి వదిలేస్తారు. బూడిద ఊసే ఉండదు, అదేదో మిగిలిపోయిన చెత్త అన్నట్టు. కానీ మొక్క నేలలోంచి తీసుకున్న ఖనిజాల్లో ఎక్కువ భాగం చివరికి చేరేది అందులోకే. వాటిలో మనకు కావలసినవి రెండు. ఒకటి సిలికా, అంటే ఇసుకే. రెండోది పొటాషియం. ఒట్టి సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మీ పొయ్యిలో అంత వేడి ఎప్పటికీ పుట్టదు. మరి ఎలా కరిగింది?

కుల్ఫీ బండివాడు ఐసు ముక్కల్లో ఉప్పు ఎందుకు పోస్తాడో తలుచుకోండి. ఒట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉప్పు తగిలిందా, సున్నాకి ఎంతో కింద కూడా నీరైపోతుంది. బరువులో నాలుగో వంతుకు కాస్త తక్కువగా ఉప్పు పడితే మైనస్ 21 దాకా దిగుతుంది. ఇసుకకి పొటాషియం చేసేది అచ్చంగా ఇదే పని. సరైన పాళ్లలో కలిస్తే ఆ మిశ్రమం 800 డిగ్రీల లోపే కరగడం మొదలెడుతుంది. అంటే ఏకంగా 900 డిగ్రీల తగ్గింపు! గాజు చేసేవాళ్లు ఇసుకలో క్షారం కలిపేది కూడా ఇందుకే. కుల్ఫీవాడు ఐసును చితక్కొట్టి, ఉప్పు అంతటా తగిలేలా కలియబెడతాడు కదా, పొయ్యిలో ఆ పని మెత్తటి బూడిదే చేసిపెడుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి. ఒక్క చుక్క కరిగితే చాలు, అది పక్కనున్న రేణువులను తడిపి తనలో కలుపుకుంటూ పోతుంది. ఉప్పు పాళ్లు తప్పితే కుల్ఫీ గట్టిపడనట్టే, పొటాషియం పాళ్లు తక్కువైతే రాయి కట్టదు.

ఇప్పుడు బస్తాల దగ్గరికి వద్దాం. బెరడు తీసిన కలపతో చేసిన మంచి పెల్లెట్లలో బూడిద 1 శాతం కూడా ఉండదు. వరి ఊకలో 20 శాతం దాకా ఉంటుంది, అందులో చాలామటుకు సిలికాయే. అయినా ఒట్టి ఊక బూడిద అంత తేలిగ్గా కరగదు, దాంట్లో పొటాషియం తక్కువ. వరిగడ్డి, వేరుశెనగ పొట్టు లాంటివాటిలో పొటాషియం ఎక్కువ. పైగా అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చే పొట్టుకి ఎర్రమట్టి అంటుకునే ఉంటుంది. ఊకనీ పొట్టునీ కలిపి పెల్లెట్లు కొట్టారంటే ఇసుకా, ఉప్పూ ఒకే బస్తాలో దొరికినట్టే. మీ రెండో బస్తా అలాంటిదే అయి ఉండాలి.

రాయి కట్టే వేళ కూడా ఒకటుంది. పైనుంచి వెలిగించే ఇలాంటి పొయ్యిలో ముందు మండేది పెల్లెట్లలోంచి వచ్చే గ్యాస్. పసుపుపచ్చగా ఎత్తుగా లేచే మంట అదే. గ్యాస్ అయిపోయాక మంట పొట్టిదై నీలిరంగుకి తిరుగుతుంది. అప్పుడు మిగిలింది బొగ్గు. ఫ్యాన్ గాలి నేరుగా దాని మీద కొడుతుంది కాబట్టి వేడి 1,000 డిగ్రీలు దాటగలదు. చాలామంది మంట తగ్గింది కదా అని సరిగ్గా అప్పుడే ఫ్యాన్ పెంచుతారు, ఉన్న బూడిదంతా పాకంలా కరిగి చిల్లులు మూసేస్తుంది. మర్నాడు గాలి అందక పొగ! నీలిమంట కనబడగానే ఫ్యాన్ తగ్గించండి. చెన్నైలో ఉన్నవాళ్లు ఇంకాస్త తగ్గించాలి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి చెన్నై గాలి కన్నా సుమారు 8 నుంచి 10 శాతం పలుచన. ఫ్యాన్ ఒకే నంబరు మీద పెట్టినా అక్కడి పొయ్యికి ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది.

బస్తా కొనేముందు అరకిలో తెచ్చి కాల్చి చూడండి. పూర్తిగా చల్లారాక బూడిదను టీ వడపోసే జాలీలో వేసి ఆడించండి. పొడిగా రాలిపోతే ఆ బస్తా మంచిది. బఠాణీ గింజంత ఉండలు మిగిలాయా, ఆ సరుకు వద్దనండి. ఇప్పటికే కొన్నదాన్ని పారేయక్కర్లేదు, కలప పెల్లెట్లతో సగం సగం కలిపి వాడి చూడొచ్చు. చిల్లుల పళ్లెం మాత్రం ప్రతిసారీ గీకి, మూసుకున్న చిల్లులను మేకుతో పొడవాలి. అమెరికాలో పిల్లల ఇంటికెళ్లి వచ్చిన మన పెద్దవాళ్లు అక్కడ ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్ చూసే ఉంటారు. అందులో పెల్లెట్లు మరతో వాటంతటవే పడతాయి. ఎంత హంగున్నా మండే గిన్నెలో పేరుకున్న క్లింకర్‌ని మనిషే గీకాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటపడను. డిసెంబరు చలికి ఆ బొగ్గుల పొయ్యిని లోపలికి తెచ్చి తలుపులు వేసుకోవద్దు. పొగ లేదు కదా అనుకుంటారు. ఎర్రగా కణకణలాడే బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, ప్రాణం తీస్తుంది.

చివర్లో ఆవిడ ఇంకో మాట అడిగారు, ఈ రాయిని దంచి గులాబీ మొక్కలకు వేయొచ్చా అని. పొడి బూడిద కొద్దిగా వేయొచ్చు, అందులోని పొటాషియం నీళ్లలో కరిగి వేళ్లకు అందుతుంది. రాయిలో ఉన్నదీ పొటాషియమే, కానీ అది గాజులో ఇరుక్కుపోయింది. దంచితే మీ చేతులు నొప్పి పుట్టడం తప్ప మొక్కకి ఒరిగేదేమీ లేదు.