బరువు తక్కువే, మరి షుగర్ ఎలా వచ్చింది?

సన్నగానే ఉన్నాడు కదండీ, షుగర్ ఎందుకొచ్చింది అని మనవాళ్ళు డాక్టర్ని అడగడం మామూలే. అసలు సంగతి కొవ్వు ఎంతుందన్న దానికన్నా ఎక్కడ చేరిందన్న దాంట్లో ఉంది, ఇదేం కొత్తగా తెలిసింది కాదు, ఫ్రాన్స్‌లో మార్సెయ్ డాక్టరు జాన్ వాగ్ 1947 నుంచే దీని మీద రాస్తున్నాడు, 1956లో అయితే పొట్ట, పైభాగంలో కొవ్వు చేరేవాళ్ళకే షుగర్, రక్తనాళాల జబ్బులు ఎక్కువని తేల్చి చెప్పాడు. చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అప్పట్లో కొవ్వంటే ఉట్టి గోడౌనే అనుకునేవాళ్ళు. 1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ టీమ్ లెప్టిన్ జీన్ కనిపెట్టాక కదా తెలిసింది, నిల్వ ఎంతుందో కొవ్వు కణాలే హార్మోన్ పంపి మెదడుకి చెప్తాయని.

చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు ఉన్నంతవరకు ఒళ్ళు తట్టుకుంటుంది, అక్కడ కణాలు ఉబ్బి ఇక పట్టకపోతే మిగిలింది లివర్లోకి, కండరాల్లోకి, పేగుల చుట్టూ పోతుంది, అప్పుడే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. లైపోడిస్ట్రఫీ ఉన్నవాళ్ళని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది, కొందరికి పుట్టుకతోనే ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు, చూస్తే కండలు తిరిగినట్టుంటారు, కానీ మొండి షుగర్, ఫ్యాటీ లివర్ రెండూ వస్తాయి. దాచుకునే చోటు లేకపోవడమే వాళ్ళ జబ్బు.

ఇక మన దగ్గరికొస్తే, పుణె కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోలే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 22.3, స్కాన్‌లో చూస్తే యుడ్కిన్‌ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2! పుణెలో అప్పుడే పుట్టిన పిల్లల్ని కొలిస్తే కూడా అంతే, సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లో 3.5, అయినా మన పిల్లల్లో తగ్గింది ఎక్కువగా కండే, వీపు మీద చర్మం కింద కొవ్వు పెద్దగా తగ్గలేదు. అంటే ఈ తేడా తిండి, ఆఫీసు కుర్చీ కంటే ముందే, తల్లి కడుపులోనే మొదలవుతోంది, నాకైతే ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది.

అందుకే మన దేశంలో డాక్టర్లు బీఎంఐ 23 దాటితే చాలు అధిక బరువు అంటారు, యూరప్ వాళ్ళకి అది 25. నడుం కొలత కూడా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదని పెట్టారు, అది కొలవడానికి టైలర్ టేపు చాలు.