కరువు ఊరి నుంచి వచ్చిన రోయర్

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం

బిడ్డలారా,

పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద మీరొక ప్రశ్న అడిగారు. "తాతా, టీవీలో పడవ పందెం వాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారెందుకు?" అని. నడక ఆయాసంలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

రోయింగ్‌లో, అంటే ఆ పడవ పందెంలో, అసలు బలం కాళ్లది. పడవలో సీటుకు చిన్న చక్రాలుంటాయి, పాదాలు ఒక పలకకు బిగించి ఉంటాయి. మోకాళ్లు ముడిచి, తెడ్లు నీళ్లలో ముంచి, కాళ్లతో గట్టిగా తంతూ వెనక్కి వాలి లాగుతారు. తాడు లాగే ఆటలో మీరు చేసేదీ అదే కదా! వాళ్లు లాగే వైపుకే పడవ పోతుంది కాబట్టి, చేరాల్సిన గీత వీపు వెనక ఉంటుంది. ముందున్నవాడికి పోటీదార్లంతా కనిపిస్తారు. అందరికన్నా వెనకబడ్డవాడికి ఖాళీ నీళ్లే కనిపిస్తాయి. నాకు ఈ ఆటలో మనసును పట్టేసేది ఇదే.

దత్తు భోకనాల్ గురించి మీకు చెప్పాలి. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, తలేగావ్ రోహి ఆయన ఊరు. కరువు ఊరు. తండ్రితో కలిసి బావులు తవ్వాడు. 2012లో ఆర్మీలో చేరాకే రోయింగ్ పడవ ఎక్కాడు, అదీ నీళ్లంటే భయంతోనే. నాలుగేళ్లు తిరిగేసరికి రియో ఒలింపిక్స్‌లో ఒక్కడే నడిపే పడవలో 13వ స్థానం! మెడల్ రాలేదు కదా అనకండి. మన చుట్టూ కాకతీయుల కాలం నాటి చెరువులు ఇన్ని ఉన్నాయి, మనలో ఎంతమందికి ఈత వచ్చు?

2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఒంట్లో బాగాలేక సింగిల్స్ ఫైనల్లో చిట్టచివర వచ్చాడు. ఖాళీ నీళ్లు చూసిన రోజు అది. మర్నాడే స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురి పడవలో బంగారు పతకం గెలిచాడు. ఆ రాత్రి ఆయన ఎలా నిద్రపోయాడో అని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు షుగర్ ఉంది కాబట్టి ఇంకొకాయన్నీ తలుచుకుంటాను. ఇంగ్లండ్ రోయర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు 1997లో షుగర్ అని తేలింది. అప్పటికే నాలుగు ఒలింపిక్స్ బంగారు పతకాలున్నాయి. అయినా ఆపలేదు, 38 ఏళ్ల వయసులో సిడ్నీలో ఐదోది గెలిచాడు.

ఈ దారి సుఖమైనదని మాత్రం చెప్పను. 2,000 మీటర్ల పందెం ఏడు నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేవాలి. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాస్తాయి. నీళ్ల మీద లేనప్పుడు ఎర్గోమీటర్ మెషిన్ మీద అదే లాగుడు. క్రికెట్‌లో వచ్చినంత పేరూ డబ్బూ రావు. మన దేశంలో పేరున్న రోయర్లు చాలామంది ఆర్మీవాళ్లే, ఆ ఉద్యోగమే వాళ్లకు అండ.

ముందు ఈత రావాలి. ఎండాకాలం సెలవుల్లో స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించమని మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా థర్మాకోల్ తెప్పలెక్కి చెరువులోకి వెళ్లకండి.

మీ తాత