మందు వేశాకే జ్వరం ఎందుకొచ్చింది?

జూన్ నెల, న్యూజెర్సీ. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. మోకాలి వెనక ఎర్రటి మచ్చ ఒకటి నాలుగు రోజుల్లో అరచేతంత అయింది. డాక్టర్ చూడగానే పిడుదు కుట్టడంవల్ల వచ్చే లైమ్ జబ్బు అని చెప్పి, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు. రోజుకు మూడుసార్లు, 14 రోజులు. సాయంత్రం నాలుగింటికి మొదటి డోసు వేశాను. అప్పటిదాకా పిల్ల బాగానే ఉంది, వీధిలో సైకిల్ తొక్కుతోంది. రాత్రి తొమ్మిదిన్నరకి దుప్పటి కింద పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. థర్మామీటర్ పెడితే 102.6. తలనొప్పి, కాళ్లు లాగేస్తున్నాయని ఏడుపు. మచ్చ చూస్తే పొద్దుటికంటే బాగా ఎర్రబడి ఉంది.

విజయవాడ నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అమ్మ వెంటనే అంది: "ఆ మందు దీనికి పడలేదే. ఆపెయ్యవే."

మందు పడలేదు అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. దద్దుర్లొచ్చినా అదే మాట, కడుపులో తిప్పినా అదే మాట, నీరసమొచ్చినా అదే మాట. ఆ రాత్రి మాత్రం ఆ మాట సరిపోలేదు. ఎందుకంటే అది ఎలర్జీ అయితే మందు ఆపాలి. మామూలు సైడ్ ఎఫెక్ట్ అయితే వేసే పద్ధతి మార్చుకోవాలి. మూడోది ఇంకొకటుంది, మందు పనిచేయడం మొదలుపెట్టినందువల్లే వచ్చే బాధ. అదైతే మందు ఆపకూడదు.

డాక్టర్ ఆఫీసు వాళ్ల రాత్రి నంబరుకి ఫోన్ చేశాను. అవతల నర్సు అడిగినవి మూడే ప్రశ్నలు. మొదటి డోసు ఎన్ని గంటలకు వేశారు? ఊపిరి ఆడకపోవడం, మొహం గానీ పెదాలు గానీ వాయడం, ఒంటినిండా దద్దుర్లు, ఆగని వాంతులు ఉన్నాయా? నీళ్లు తాగుతోందా, ఒంటికి వెళ్తోందా? తర్వాత ఒక పెన్ను తీసుకుని మచ్చ అంచు వెంట గీత గీసి, పక్కన టైమ్ రాయమంది. రేపు ఈపాటికి తగ్గకపోతే మళ్లీ ఫోన్ చేయమంది. జ్వరానికి పారాసిటమాల్ వేసి రాత్రి డోసు కూడా వెయ్యమంది.

మా అమ్మాయికి వచ్చిన ఈ మూడో రకం బాధను యారిష్-హెర్క్స్‌హైమర్ రియాక్షన్ అంటారు, పొట్టిగా హెర్క్స్. ఇద్దరు చర్మవైద్యుల పేర్లవి. 1895లో ఆస్ట్రియాలో అడాల్ఫ్ యారిష్, సిఫిలిస్ రోగులకు ఆ కాలంలో ఇచ్చే పాదరసం మందు పడగానే వాళ్ల ఒంటిమీద మచ్చలు ముందుకంటే ఎర్రబడడం గమనించాడు. 1902లో జర్మనీలో కార్ల్ హెర్క్స్‌హైమర్ అదే సంగతి విడిగా రాశాడు. ఆ హెర్క్స్‌హైమర్ యూదుడు. ఎనభై దాటిన వయసులో ఆయన్ని నాజీలు తెరేజియన్‌స్టాట్ శిబిరానికి తరలించారు, 1942లో అక్కడే చనిపోయాడు. ఆయన పేరు తలుచుకున్నప్పుడు ఈ సంగతి కూడా తలుచుకోవాలనిపిస్తుంది నాకు.

సిఫిలిస్‌కీ లైమ్‌కీ సంబంధం ఏమిటంటే, రెండింటి బ్యాక్టీరియా ఒకే కోవకు చెందినవి. సన్నగా, మెలి తిరిగిన తీగలా ఉండే వీటిని స్పైరోకీట్లు అంటారు. మన దగ్గర వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లవల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా వీటి పనే. లైమ్‌కి కారణమైన దాని పేరు బొరేలియా బర్గ్‌డార్ఫెరీ. నల్లకాళ్ల పిడుదు కుడితే వస్తుంది. మన ఊళ్లలో గేదెల చెవుల్లో పట్టుకునుండే పిడుదులాంటిదే, కాకపోతే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు. మా అమ్మాయిని ఎప్పుడు కుట్టిందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఈ బ్యాక్టీరియా పైపొర నిండా కొవ్వు అంటుకున్న ప్రొటీన్లు ఉంటాయి. యాంటీబయాటిక్ పడగానే బ్యాక్టీరియా చిట్లి, ఆ ముక్కలు చుట్టుపక్కలకు చెదురుతాయి. మన రోగనిరోధక కణాలు వాటిని పసిగట్టి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. అవి మెదడులోని హైపోథాలమస్‌ దాకా కబురు చేరవేస్తే, అది శరీరం ఎంత వేడిగా ఉండాలన్న లెక్కను పైకి జరుపుతుంది. కొత్త లెక్క 102 అయినప్పుడు 99 దగ్గరున్న ఒళ్లు చల్లబడినట్టే కదా, అందుకే వణుకు. ఇథియోపియాలో పేలవల్ల వచ్చే తిరగబెట్టే జ్వరానికి పెన్సిలిన్ ఇచ్చేముందు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే ఈ రియాక్షన్ తగ్గింది. 1996లో వచ్చిన ఆ పరిశోధనతో టీఎన్ఎఫ్ పాత్ర గట్టిగా తేలింది. లైమ్‌లో ఇంత తీవ్రంగా ఉండదు. మొదట్లోనే మందు మొదలుపెట్టినవాళ్లలో నూటికి సుమారు 15 మందికి వస్తుంది.

ఇక్కడే అమ్మానాన్నలు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఉంది. ఈ రియాక్షన్‌కి ఒక గడియారం ఉంది. ఒంట్లో బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది మొదటి డోసు వేసే ముందే. మొదటి దెబ్బకే చాలా భాగం చస్తుంది కాబట్టి, వచ్చే బాధేదో మొదటి 24 గంటల్లోపే మొదలవుతుంది, మరో రోజులో సర్దుకుంటుంది. పదో రోజున కొత్తగా వచ్చిన జ్వరం హెర్క్స్ కాదు. మూడో వారంలో మొదలైన కీళ్లనొప్పీ కాదు.

ఈ మాట ఇంత నొక్కి చెప్పడానికి కారణముంది. నెలల తరబడి మందులు వాడుతూ, పిల్లలు రోజురోజుకీ నీరసించిపోతుంటే "అది హెర్క్స్, విషం బయటికి పోతోంది, ఎంత బాధపడితే అంత మంచిది" అని నమ్మే కుటుంబాలున్నాయి. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే మనసు నాకు లేదు. బిడ్డ బాధకి ఒక అర్థం ఉంటే బాగుండునని ఎవరికుండదు? కానీ ఆ నమ్మకంవల్ల అసలు కారణం కనపడకుండా పోతుంది. మందు మొదలుపెట్టి రెండు రోజులు దాటినా పెద్ద జ్వరం తగ్గలేదంటే అదే పిడుదు ఇంకో జబ్బును కూడా అంటించిందేమో చూడాలి. అనాప్లాస్మా అనే ఇంకో బ్యాక్టీరియా అమాక్సిసిలిన్‌కి లొంగదు. బబేసియా మలేరియాలాగా ఎర్రరక్తకణాల్లో కాపురముండే పరాన్నజీవి, దానికి అమాక్సిసిలిన్ కాదు, లైమ్‌కి ఇచ్చే ఇంకో యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ కాదు, వేరే మందులు కావాలి. పిల్ల కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ అన్నా, మొహం ఒక పక్కకు వంకరపోయినా అది జబ్బే గుండెకో నరాలకో పాకిన లక్షణం కావచ్చు. వీటిలో ఏదీ ఓర్చుకోమని పిల్లకు చెప్పే విషయం కాదు.

చికిత్స పూర్తయ్యాక కూడా నూటికి 5 నుంచి 10 మందికి అలసట, నొప్పులు, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం నెలల పాటు ఉండిపోతాయి. అది నిజమైన బాధ. అయితే అలాంటి పెద్దవాళ్లకు ఎక్కువ కాలం యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన పరీక్షల్లో, 2001లో అమెరికాలోనూ 2016లో నెదర్లాండ్స్‌లోనూ, అదనపు మేలు కనిపించలేదు.

సైడ్ ఎఫెక్ట్‌ల దగ్గరికొస్తే మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్నున్నాయి. అమాక్సిసిలిన్‌తో విరేచనాలు మామూలే, పెరుగన్నం పెడితే ఇబ్బందేమీ లేదు. డాక్సీసైక్లిన్ సంగతి వేరు. మన రాష్ట్రాల్లో స్క్రబ్ టైఫస్‌కి ఇచ్చేది కూడా ఇదే. పాలు, పెరుగు, ఐరన్ టానిక్, కాల్షియంతో కలిపి వేస్తే సరిగా ఒంటికి పట్టదు. మందు వేడి చేస్తుందని వెనకే గ్లాసుడు మజ్జిగ ఇచ్చే అలవాటు మనది. ఆ మజ్జిగ రెండు గంటలు ఎడంగా ఇవ్వండి. మాత్ర అయితే నిండా నీళ్లతో మింగించి అరగంట పడుకోనివ్వకండి, లేకపోతే అన్నవాహికలో అతుక్కుని మంట పుడుతుంది. ఎండలోకి పంపితే చర్మం కమిలిపోతుంది. చూపు మసకబారుతూ తలనొప్పి వస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇస్తే పళ్లు రంగు మారతాయని పాత టెట్రాసైక్లిన్ కాలం నుంచి ఒక భయముంది. 21 రోజుల లోపు కోర్సుకి ఏ వయసు పిల్లలకైనా ఇవ్వవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇప్పుడు చెబుతోంది.

జ్వరం మందు దగ్గర ఇంకో మెలిక. అమ్మ సూట్‌కేసులో ఇండియా నుంచి తెచ్చిన పారాసిటమాల్ సిరప్ ఉంది. అమెరికాలో పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. మన దగ్గర 120ది దొరుకుతుంది, 250ది దొరుకుతుంది. చెంచా లెక్కన ఒకటి బదులు ఇంకొకటి పోస్తే డోసు ఎటో పోతుంది. సీసామీద చదివి, పిల్ల బరువు చెప్పి, ఎంత వెయ్యాలో అడిగాకే వెయ్యండి. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం వద్దు.

ఇక పిల్ల. ఆ రాత్రి పదకొండింటికి రెండో డోసు చేతిలో పట్టుకుంటే, "ఆ మందు వేశావు కాబట్టే జ్వరమొచ్చింది, నేను తాగను" అంది. దాని లెక్క తప్పు కాదు. అది చూసింది చూసినట్టు చెప్పింది. నేనేమో సాయంత్రం మొదటి డోసప్పుడు "ఏం కాదు కన్నా, తియ్యగా ఉంటుంది" అని ఊరుకున్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది నాకు. ముందే చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు పక్కన కూర్చుని నిజం చెప్పాను. నీ ఒంట్లో పురుగులున్నాయి, మందు వాటిని చంపుతోంది, అవి చచ్చేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది, ఇంకో రెండుసార్లు నిద్రపోయి లేచేసరికి తగ్గుతుంది అన్నాను. ఆరేళ్ల పిల్లకి 24 గంటలంటే ఏం తెలుస్తుంది? రెండు నిద్రలంటే తెలుస్తుంది. "నా తప్పా?" అని అడిగింది. గడ్డిలో పొర్లినందుకు ఇలా అయిందనుకుంటోందట. కాదని చెప్పి గట్టిగా దగ్గరికి తీసుకున్నాను. మీ పిల్లలు అడక్కపోయినా ఈ మాట చెప్పండి.

తాగాలా వద్దా అన్నది పిల్ల చేతిలో పెట్టలేం. కానీ సిరంజి ఎవరు నొక్కాలి, కుర్చీలో కూర్చోవాలా ఒళ్లోనా అన్నవి పెట్టొచ్చు. సూది లేని ఆ సిరంజిని బుగ్గ లోపలి వైపుకి పెట్టి కొంచెం కొంచెంగా నొక్కితే వాంతి రాదు. "తాగకపోతే డాక్టర్ ఇంజక్షన్ పొడుస్తాడు" అని మా అమ్మ అలవాటుగా అనబోతే ఆపాను. రేపు నిజంగా సెలైన్‌లో మందు ఎక్కించాల్సి వస్తే ఆ పిల్ల సూదిని శిక్ష అనుకుంటుంది.

అమ్మ ఇంకో ఉపాయం చెప్పింది, మామిడి రసంలో కలిపి ఇద్దామని. వద్దన్నాను. 1950ల్లో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలుకలకు తీపి నీళ్లిచ్చి, రేడియేషన్‌తో కడుపులో తిప్పేలా చేస్తే అవి తర్వాత ఆ నీళ్లు ముట్టడం తగ్గించేశాయి. ఇలాంటి అయిష్టం ఒక్కసారికే, అదీ బాధ గంటల తర్వాత వచ్చినా ఏర్పడుతుంది. 1978లో సియాటిల్‌లో ఐలీన్ బర్న్‌స్టీన్ కీమోథెరపీకి ముందు పిల్లలకు కొత్త రుచి ఐస్‌క్రీమ్ ఇచ్చి చూసింది. తర్వాత చాలామంది పిల్లలు ఆ ఐస్‌క్రీమ్ వద్దన్నారు. కీమో బాధ ఐస్‌క్రీమ్ మీదికి పోయింది. ఆ తర్వాత ఆమె బృందం, భోజనానికీ కీమోకీ మధ్య ఘాటైన రుచున్న మిఠాయి బిళ్ల ఒకటిస్తే అయిష్టం ఆ బిళ్లకు అంటుకుని భోజనం బతుకుతుందని కూడా చూపించింది. అందుకే మందును పిల్లకి ఇష్టమైన తిండిలో కలపకండి. మందు రుచి మందుదే.

పొద్దున్నకి జ్వరం 100కి దిగింది. సాయంత్రానికి మచ్చ పెన్ను గీత లోపలికి రావడం మొదలైంది. ఆ గీత, ఒక నోట్‌బుక్కు, ఈ రెండే నాకు టెన్షన్ తగ్గించినవి. ఏ డోసు ఎప్పుడు, జ్వరమెంత, ఏం తిన్నది అన్నీ రాశాను. అసలీ జబ్బు బయటపడింది అలాంటి నోట్సువల్లే. 1975లో కనెటికట్‌లోని లైమ్ ఊరి దగ్గర పాలీ మర్రే అనే తల్లి తన ఇంట్లోవాళ్ల కీళ్లనొప్పులు, మచ్చలు, జ్వరాలు రాసిపెట్టుకుని, చుట్టుపక్కల పిల్లలకూ అవే ఉన్నాయని ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది. జూడిత్ మెన్ష్ అనే ఇంకో తల్లి కూడా చేసింది. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ వచ్చి వెతికితే మూడు ఊళ్లలో 51 మంది తేలారు, వాళ్లలో 39 మంది పిల్లలే. బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో కనిపెట్టడానికి 1981 దాకా పట్టింది.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆ సిరప్‌కి బబుల్‌గమ్ వాసన ఉండేది. ఇప్పటికీ ఎవరైనా పక్కన బబుల్‌గమ్ నమిలితే ముక్కు మూసుకుని అవతలికి వెళ్లిపోతుంది. మామిడి రసం మాత్రం గ్లాసు అడుగున మిగిలింది కూడా నాకుతుంది.