మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఒక టీచరమ్మ అడిగారు: "సాలార్‌జంగ్ మ్యూజియాన్ని మా ఆరో తరగతి పిల్లలకి ప్రొజెక్టర్ మీద వర్చువల్‌గా తిప్పి చూపించాను. వారం తరవాత అడిగితే ముసుగు రెబెక్కా, సంగీత గడియారం, అన్నీ గడగడా చెప్పేశారు. ఏది దేని పక్కన ఉందో చెప్పమంటే మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. ఎందుకంటారు?"

మౌస్ ఎవరి చేతిలో ఉందని అడిగాను. ఆవిడ చేతిలోనేనట!

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ ప్రచురించిన పిల్లికూనల ప్రయోగం నాకు మహా ఇష్టం. లోపలి గోడకు నిలువు చారలున్న పెద్ద డ్రమ్ము. మధ్యలో గుంజ, దాని మీద అడ్డంగా తిరిగే కర్ర. ఒక కొసన కట్టిన కూన తన కాళ్ళ మీద నడుస్తుంది. రెండో కొసన వేలాడే బుట్టలో ఇంకో కూన కూర్చుంటుంది. మొదటిది ఎటు తిరిగితే రెండోదీ అటే. రెండింటికీ కనిపించేది ఒకటే. మిగతా వేళంతా చీకట్లో ఉంచారు. తరవాత బల్ల మీదికి దించుతుంటే నడిచిన కూన ముందే పంజా చాపింది, బుట్టలోది చాపలేదు. ఏదైనా మీదికొస్తున్నా రెప్ప వెయ్యలేదు. కళ్ళకు లోపమేమీ లేదు. తను కదిలితే చూపు ఎలా మారుతుందన్న లెక్కే మెదడుకు అందలేదు. వెలుతురులో వదిలేస్తే రెండు రోజుల్లో సర్దుకుందిలెండి.

ఆరో తరగతి పిల్లలు లోకం చూడని కూనలు కారు, నిజమే. కానీ 1999లో బ్రిటన్‌లో పెద్దవాళ్ళతో ఇలాంటిదే చేశారు. కంప్యూటర్లో ఒక ఇల్లు. ఒకరు జాయ్‌స్టిక్‌తో గదులన్నీ తిరిగారు, మరొకరు ఊరికే చూశారు. వస్తువులు ఇద్దరికీ సమానంగా గుర్తున్నాయి. గదుల అమరిక మాత్రం తిరిగినవాళ్ళకే బాగా తెలిసింది. రోజూ ఆటోలో వెనక కూర్చుని వెళ్ళే దారే, మనం బండి నడపాల్సొస్తే తెలియనట్టు. మన పరీక్షలు అడిగేది పేర్ల జాబితానే కాబట్టి ఈ లోటు ఎవరికీ కనపడదు.

మౌస్ పట్టినా అంతా దక్కదు. మెదడులో జ్ఞాపకాల్నీ దారుల్నీ చూసుకునే హిప్పోకాంపస్ అనే భాగంలో 'స్థల కణాలు' ఉంటాయి. 1971లో జాన్ ఓకీఫ్ బయటపెట్టాడు, 2014లో నోబెల్ అందుకున్నాడు. మనం ఒక్కో చోట ఉన్నప్పుడు ఒక్కో కణం మోగుతుంది. అదే 2014లో నాడీ శాస్త్రవేత్త మయాంక్ మెహతా బృందం ఎలుకల్ని వర్చువల్ గదిలో నడిపిస్తే హిప్పోకాంపస్ న్యూరాన్లలో సుమారు 60 శాతం మూగబోయాయి. చూపు కదులుతోంది, ఒళ్ళు మాత్రం ఉన్నచోటే ఉంది. లోపలి చెవి నుంచి కదలిక కబురు రాలేదు.

అయినా మౌస్ పిల్లలకే ఇవ్వండి. సాలార్‌జంగ్‌లో ఒక చెక్క విగ్రహం ఉంది. ముందు నుంచి చూస్తే కథల్లోని సైతాను మెఫిస్టోఫెలిస్, వెనక తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. ఆమె కనపడేది వెనకనున్న అద్దంలోనే. పిల్లల్ని మెఫిస్టోఫెలిస్ ఎదురుగా నిలబెట్టి, "వెనకేముందో కనుక్కోండి" అని ఊరుకోండి. మౌస్ పట్టినవాడు వెళ్ళి గోడకు గుద్దుకుంటాడు. మిగతావాళ్ళు "ఎడమకిరా, ఎడమకి!" అని అరుస్తారు. అరవనివ్వండి, దారి వెతికే పని వాళ్ళకూ దొరికింది.