టెస్టు పదిహేను రోజులుందనగా: బ్లాక్ బెల్ట్ అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కరాటే నేర్పడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్లయింది. బ్లాక్ బెల్ట్ టెస్టు తేదీ చెప్పిన రోజు నుంచి నా ఫోన్‌కు తీరిక ఉండదు. "సార్, ఇంక పదిహేను రోజులే ఉంది గదా, పొద్దుగాల, సాయంత్రం రెండు పూటలా పంపమంటరా?" అని ఒకరు. "మధ్యాహ్నం గూడ ఇంట్ల చేయిస్తున్న సార్" అని ఇంకొకరు. ఇదివరకు ఒక్కొక్కరికీ కూర్చుని చెప్పేవాణ్ని. ఇప్పుడు అడిగేవాళ్లు పెరిగారు, నా ఓపిక తగ్గింది. అందుకే ఒకేసారి రాసి పెడుతున్నాను.

అపోహ: చివరి రెండు వారాలు ఎంత ఎక్కువ చేస్తే టెస్టు అంత బాగా అవుతుంది.

వాస్తవం: చివరి రెండు వారాల్లో తగ్గించాలి.

ఇది మనకు స్కూలు పరీక్షల నుంచి వచ్చిన అలవాటు. రాత్రంతా మేల్కొని చదివితే పొద్దున హాల్లో ఎంతో కొంత గుర్తుంటుంది. తొడ కండరం దగ్గర ఆ లెక్క నడవదు. కీబా దాచిలో (కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడటం) ఇవాళ ఐదు నిమిషాలు కూర్చుంటే కాలు ఇవాళే గట్టిపడదు. ఇవాళ అలిసిపోతుంది, లోపల కొంచెం దెబ్బ తింటుంది. తర్వాత తిండితో, నిద్రతో కోలుకుని ముందుకన్నా కాస్త బలంగా తయారవుతుంది. కోలుకోవడానికి రోజులు, వారాలు పడతాయి. అలసట మాత్రం తెల్లారేసరికే తెలుస్తుంది. అంటే టెస్టుకు వారం ముందు కొత్తగా చేసిన కష్టంలో అలసట టెస్టు రోజున చేతికొస్తుంది, బలం టెస్టు అయిపోయాక వస్తుంది.

ఇదంతా నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. నా మొదటి టెస్టు హైదరాబాద్‌లో. దానికి ముందు పది రోజులు పొద్దున లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కడం, మధ్యాహ్నం కటాలు (ఒక్కరే వరుసగా చేసే కదలికలు), రాత్రి ఫైట్. "ఏందిరా, టెస్టుకు పోతున్నవా యుద్ధానికి పోతున్నవా" అని అమ్మ అంటే నవ్వాను. టెస్టులో కిహోన్, అంటే ప్రాథమిక గుద్దులు, కిక్కులు, అయింది. బస్సాయ్ దాయ్ అనే కటా కూడా పర్వాలేదు. కుమితే (ఫైట్) మూడో రౌండ్‌లో మావాషి గెరికి, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే కిక్‌కు, కాలు లేపాను. తొడ వెనక ఎవరో గుంజినట్టు చురుక్కుమంది, అక్కడే కూలబడ్డాను. ఎగ్జామినర్ కోప్పడలేదు. దగ్గరికొచ్చి, "నీ టెస్టు నువ్వు ఇంటి దగ్గరే ఇచ్చేసి వచ్చినట్టున్నావు" అన్నారు. తిరుగు ప్రయాణంలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం బస్సు ఆపితే అందరూ దిగారు, నేను కాలు మడవలేక సీట్లోనే ఉన్నాను. మళ్లీ టెస్టు ఇవ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఎలా తగ్గించాలి? చేసే మొత్తాన్ని దాదాపు సగానికి తేవాలి, వేగాన్ని మాత్రం తగ్గించకూడదు. గంటన్నర క్లాసు నలభై ఐదు నిమిషాలవుతుంది. కటా పదిసార్లు చేసే చోట నాలుగుసార్లు చేస్తారు, కానీ ఆ నాలుగూ ఎగ్జామినర్ ఎదురుగా ఉన్నట్టే పూర్తి కిమేతో (దెబ్బ తగిలే క్షణంలో బలమంతా పెట్టి) చేస్తారు. మా దగ్గర చివరి ఐదు రోజులు ఫైట్ బంద్. చివరి రెండు రోజులు ఒళ్లు సాగదీసుకుని, కటా ఒకటి రెండుసార్లు నెమ్మదిగా నడిచి ఇంటికి పోవడమే.

"తగ్గిస్తే స్టామినా పోదా సార్?" పోదు. మూడు నెలలు కూడబెట్టింది పది రోజుల్లో కరిగిపోదు. మూడు నెలలు కూడబెట్టనే లేదంటే, దాన్ని పది రోజుల్లో తెచ్చే మందు నా దగ్గర లేదు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, వచ్చే టెస్టుకు రాసుకోండి.

ఈ చివరి నిమిషం కష్టం వల్ల ఒకసారి భయంతో నా కాళ్లు వణికాయి. ఇంటర్ చదివే పిల్లవాడు, టెస్టు దగ్గర పడిందని ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఒక్క రాత్రిలో ఆరువందల బస్కీలు తీశాడు. నాకు చెప్పలేదు. రెండు రోజులు క్లాసుకు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "వేడి చేసింది సార్, మెట్లు దిగలేకపోతుండు, సబ్జా నీళ్లు ఇస్తున్న" అంది. వేడి చేసిందని ఎలా తెలిసిందమ్మా అన్నాను. మూత్రం రంగు మారిందంది. ఏ రంగు అని అడిగాను. కాసేపు ఆగి, "డికాషన్ లెక్క" అంది. ఫోన్ పెట్టేసి బండి మీద వాళ్లింటికి పోయాను. తొడలు ఉబ్బి ప్యాంటు బిగుసుకుపోయి ఉన్నాయి. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాం, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు.

అలవాటు లేని కష్టం ఒక్కసారిగా పెడితే కండరం మరీ ఎక్కువగా విరిగిపోతుంది. అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మూత్రానికి ఆ రంగు దాని వల్లే. ఎక్సర్‌సైజ్ తర్వాత విపరీతమైన నొప్పి, వాపు ఉండి మూత్రం కోలా రంగులో, డికాషన్ రంగులో వస్తే అది వేడి కాదు. సబ్జా నీళ్లు కాదు, ఆ గంటలోనే డాక్టరు. నొప్పి గోలీ వేసి పడుకోబెట్టొద్దు, కొన్ని నొప్పి గోలీలు కిడ్నీలకు ఇంకా చెడుపు చేస్తాయి. పిల్లవాడు బాగున్నాడు. మరుసటి ఏడాది టెస్టు పాసయ్యాడు కూడా. వాళ్లమ్మ మాత్రం "నాకు తెల్వలేదు సార్" అని ఇప్పటికీ అంటుంది. ఆమెకెలా తెలుస్తుంది? చెప్పాల్సినవాణ్ని నేను. ఆ ఏడాది నుంచి టెస్టు ఫారం ఇచ్చే రోజునే ఈ సంగతి అందరికీ చెబుతున్నాను.

అపోహ: రోజూ ఐదు కిలోమీటర్లు ఉరికితే చాలు.

ఉరకడం మంచిదే, కానీ టెస్టులో ఎవరూ ఐదు కిలోమీటర్లు ఉరకమనరు. కటా ఒకటి రెండు నిమిషాలు. ఫైట్ రెండు మూడు నిమిషాలు. పేలినట్టు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం, ఇదే పని. ప్రాక్టీసూ అలాగే ఉండాలి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నేను చేయించేది ఇది: రెండు నిమిషాలు పూర్తి వేగంతో కిహోన్ కాంబినేషన్లు, ఒక నిమిషం నడక, ఇలా ఆరు రౌండ్లు, వారానికి రెండుసార్లు. ఇంకో రెండు రోజులు కాళ్లకూ నడుముకూ బలం: బస్కీలు, లంజెస్, ప్లాంక్. ఒక రోజు పూర్తి సెలవు. ఆ సెలవు రోజున చాటుగా గ్రౌండ్‌కు వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరుంటారు, వాళ్లకు అదేదో గొప్ప.

అపోహ: ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఉరికితే కొవ్వు కరుగుతుంది, బరువు తగ్గి కిక్ తేలిగ్గా లేస్తుంది.

పోయేది నీళ్లు. రెండు చెంబులు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. అసలు బెల్ట్ టెస్టుకు బరువు కేటగిరీ ఎక్కడుంది? అది టోర్నమెంట్ సంగతి. మన దగ్గర మే నెల ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా, నలభై రెండు, నలభై నాలుగు డిగ్రీలు. ఆ ఎండలో ప్లాస్టిక్ కట్టుకుని ఉరికితే వడదెబ్బ తగిలి పడిపోతారు. పొద్దున ఆరు లోపు మొదలుపెట్టండి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో తెచ్చుకోండి. ఓఆర్ఎస్ అయితే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో చిక్కగా కలిపి తాగిస్తే మేలుకు బదులు కీడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్ప్లిట్ రావాలని పిల్లల భుజాల మీద కూర్చుని అదమడం: వద్దు. కండరం చిరిగితే నెలలు పోతాయి. క్లాసు మొదట్లో కాళ్లు ఊపుతూ వార్మప్, పట్టి ఉంచే స్ట్రెచింగ్ చివర్లో, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు.

పదేళ్ల పిల్లలతో సిమెంటు మీద పిడికిలి దండీలు, గోడకు గుద్దులు: వాళ్ల ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి, చాప మీద అరచేతులతో చేయించండి.

కోడి తినకపోతే బలం రాదు: పప్పు, పల్లీలు, పెరుగు, గుడ్డు తింటే గుడ్డు, జొన్నరొట్టె. రోజూ కడుపునిండా తినే పిల్లలకు పౌడర్ డబ్బా అక్కర్లేదు, ఆ డబ్బులతో మంచి షిన్ గార్డులు కొనండి.

వెనకటికి తెల్ల బెల్టే మురికి పట్టి నల్లగా అయ్యేదట: చెప్పుకోవడానికి బాగుంటుంది. డాన్ పద్ధతి, అంటే బ్లాక్ బెల్టు మెట్లు, జూడో నుంచి వచ్చింది, ఆ పద్ధతిని జూడో స్థాపకుడు జిగోరో కానో 1883లో మొదలుపెట్టాడు. కరాటేలో మొదటి డాన్‌లను కరాటే గురువు గిచిన్ ఫునాకోషి 1924లో ఇచ్చాడు. బెల్టు ఉతుక్కోండి.

బ్లాక్ బెల్ట్ వచ్చాక పోలీస్ స్టేషన్‌లో చేతులు రిజిస్టర్ చేయించాలి: ఈ మాట నన్ను ఒక రిటైర్డ్ టీచర్ కూడా అడిగారు. లేదు సార్, అలాంటిదేమీ లేదు.

టెస్టు ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఫోన్ ఒకటుంటుంది. తండ్రో తల్లో, గొంతు తగ్గించి మాట్లాడతారు, పక్కన పిల్లలు వింటుంటారని. "సార్, ఇప్పుడు ఒక గంట కటా చేయించమంటరా? టెన్షన్‌తో నిద్ర పోతలేడు." వద్దని చెబుతాను. రాత్రికి రోజూ తినేదే పెట్టండి, కొత్తవి ఏవీ వద్దు. రెండు అరటిపండ్లు, రెండు లీటర్ల నీళ్లు, గీ (కరాటే డ్రెస్), బెల్టు, గార్డులు బ్యాగులో ఇప్పుడే సర్దించండి. నిద్ర పట్టకపోయినా లైటు తీసి పడుకోమనండి. పడుకునే ముందు చేతులవీ కాళ్లవీ గోళ్లు కత్తిరించమనండి, పొద్దున లైన్లో నిలబెట్టి ముందు చూసేది అవే.